పాత్ర యెరుగనిది

సికిందరాబాదులో మా చెల్లెలి యింట, ఒక ఆదివారపు మధ్యాహ్నమున, భోజనపు బల్లచుట్టును నలుగురు యువజనులు చేరి, కాగితములు, పెన్సిళ్ళు, చిత్రవిచిత్రాకృతులు గల పాచికలు ముందిడుకొని, పాడుపడిన యొక కోటలోని కథను మాటలతోనే నడపుకొనుచుండగా, నేను ప్రక్కనున్న పడకకుర్చీలో కూర్చుండి వినుచుంటిని. ఆ కథలో మా మేనకోడలు కత్తి చేబట్టిన కావలిమనిషి; దాని తమ్ముడు తాళములు విప్పనేర్చిన దొంగ; వారి స్నేహితుడొకడు గాయములు మాన్పు పూజారి; నాల్గవవాడు కథకు నిర్వాహకుడు. దొంగ తానొంటరిగా మేడ మీదికి పోవుచున్నాననియు, కొవ్వొత్తి మీద గోటితో గీత యొకటి గీచి కావలిమనిషి చేతికిచ్చుచున్నాననియు చెప్పి, "ఇక్కడిదాకా కాలేలోపు నేను రాకపోతే పైకి రా అక్కా" అనెను. మేడమీది గదిలో వాడు కాలు మోపినంతనే తలుపు మూసికొనిపోయెననియు, కప్పు రంధ్రములనుండి యిసుక ధారలుగా రాలుచున్నదనియు, గోడల దళసరి వలన కేక వెలికి పోదనియు నిర్వాహకుడు నెమ్మదిగా వర్ణించెను. ఆ వర్ణనమంతయు అక్క చెవికి మూరెడు దూరముననే జరిగినది. పిమ్మట నతడు ఆమె వైపు తిరిగి, "నువ్వేం చేస్తున్నావు?" అని యడిగెను. ఆమె తమ్ముని ముఖమును ఒక్కమారు చూచి, చేతిలోని పాచికను గుప్పిట బిగించి, "మెట్టు మీద కూర్చుని కత్తికి నూనె రాసుకుంటున్నా" అనెను.

నేను ఉండబట్టలేక, "అదేమిటే, వాడక్కడ చచ్చిపోతున్నాడుగా, పోవేం?" అంటిని. "నాకు తెలుసు మామయ్యా, దానికి తెలీదుగా" అని ఆమె మెల్లగా బదులు చెప్పెను.

'నాకు' అనుటకును 'దానికి' అనుటకును నడుమ ఆ పిల్ల నిలిపిన యంతరమును గూర్చియే నేనీ వ్యాసమున చెప్పదలచితిని. ఈ క్రీడ నెరుగనివారికి ముందుగా దాని స్వరూపము చెప్పవలసి యున్నది. దీనిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. చదరంగమువలె దీనికి గళ్ళు లేవు. పేకాటవలె గెలుపోటములు లేవు. ఒక్కొక్క క్రీడాకారుడు ఒక్కొక్క పాత్రను స్వీకరించి, ఆ పాత్ర యేమి చేయుచున్నదో, ఏమి పలుకుచున్నదో చెప్పుచుండును. గేమ్ మాస్టర్ అనబడు నిర్వాహకుడు చుట్టునున్న లోకమును వర్ణించి, తక్కినవారందరిని తానే యయి పలుకుచుండును. ఫలితము సందిగ్ధమైన చోట పాచిక తీర్పు చెప్పును. అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా యను చిన్న యూరివాడైన గ్యారీ గైగాక్స్, పొరుగు రాష్ట్రమగు మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్, వీరిరువురు కలిసి 1974 లో మూడు చిన్న పుస్తకములను ఒక పెట్టెలో నుంచి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర ప్రకటించిరి. మొదటి ముద్రణము 1000 ప్రతులు మాత్రమే.

ఈ యాటలో క్రీడాకారుడు ఎరిగినది యొకటి, పాత్ర యెరిగినది వేరొకటి. బల్లయొద్ద కూర్చున్న మనిషి యన్నియు వినును, పుస్తకములు చదివియుండును, సినిమాలు చూచియుండును, నియమములన్నియు కంఠస్థము చేసియుండును. కోటలోని కావలిమనిషికి తన కండ్ల యెదుట నున్నది తప్ప మరేమియు తెలియదు. తనకు తెలిసినదానిని పాత్ర చేతికిచ్చి దానివలన లాభము పొందుటకు ఆటవారు 'మెటాగేమింగ్' అని పేరు పెట్టిరి. మన పిల్లలును ఆ మాటనే వాడుచున్నారు. "మెటాగేమింగ్ చెయ్యకు" అని యొకరినొకరు మందలించుకొనుట యా బల్లయొద్ద నేను పలుమార్లు వింటిని.

ఈ చిక్కు 1974 లో పుట్టినది కాదు. దీని వేరు ప్రష్యా సైన్యములోనున్నది. 1824 లో రైస్‌విట్జ్ అను ఫిరంగిదళపు యువాధికారి, తన తండ్రి యారంభించిన యుద్ధక్రీడను సంస్కరించి, 'క్రీగ్‌స్పీల్' అను పేర సైనికాధికారుల శిక్షణమునకై సిద్ధపరచెను. 1:8000 పరిమాణమున గీచిన దేశపటముమీద సీసపు ముక్కలు సేనలై నిలుచును; ఒక్కొక్క వంతు రెండు నిమిషముల యుద్ధకాలమునకు సమానము. అయితే ఆటగాండ్రు తమ సేనలను తాము కదల్పరు. వారు ఆజ్ఞలు వ్రాసి నిర్ణేత కిత్తురు. అతడే ముక్కలను కదల్చును. శత్రుసేన కొండచాటున నున్నంతకాలము దాని ముక్కలను పటము మీద పెట్టనే పెట్టడు. సేనాపతికి యుద్ధభూమిలో ఎంత కనబడునో, పటముమీదను అంతయే కనబడవలెను గదా! సగము చూచి నిర్ణయము చేయుట నేర్పుటకే ఆ యాట పుట్టినది. అచ్చట అజ్ఞానమును నిర్ణేత తన చేతితో పంచిపెట్టుచుండెను. దానిని ఎవరును అభినయింపవలసిన పని లేకుండెను.

1969 లో మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ యను యువకుడు, నెపోలియను కాలపు బ్రౌన్‌స్టైన్ అను కల్పిత ప్రష్యా పట్టణమును వేదికగా గొని, సేనలకు బదులుగా ఒక్కొక్క స్నేహితునికి ఒక్కొక్క మనిషిని పంచి యిచ్చెను: ఒకనికి నగరాధ్యక్షుడు, ఒకనికి బ్యాంకు యజమాని, మరియొకనికి విద్యార్థి, ఎవరి యుద్దేశ్యము వారికి రహస్యము. ఒక్కొక్కని వేరు గదిలోనికి పిలిచి వాని మాట తానొక్కడే వినవలెనని యతడు తలచెను. కాని యతడు గదిలో నొకనితో మాటాడుచుండగా, వెలుపల మిగిలినవారు తమ పాత్రలై తమలో తాము సంభాషించుట, కుట్రలు పన్నుట, వాగ్వాదములాడుట మొదలుపెట్టిరి. ఆట చెడిపోయినదనుకొని వెస్లీ దిగులుపడెను. మరల నెప్పుడాడుదమని స్నేహితులు వెంటబడిరి. ఆ స్నేహితులలో ఆర్నెసన్ ఒకడు.

క్రీగ్‌స్పీల్ నాటి తెర యిచ్చట తొలగిపోయినది. గైగాక్స్, ఆర్నెసన్ల యాటకు వచ్చునప్పటికి అందరును ఒకే జట్టు, ఒకే బల్ల. ఒకని కథ నందరును విందురు. రహస్యమైన సంగతి గల చోట నిర్వాహకుడు చీటీ వ్రాసి చేతి క్రింద జార్చుటయు, ఒకని వంటింటిలోనికి పిలుచుకొనిపోయి చెప్పుటయు నేటికిని కలవు గాని, అడుగడుగునకు అట్లు చేసినచో మిగిలినవారు గోడలు చూచుచు కూర్చుండవలసినదే. కావున పూర్వము నిర్ణేత చేతిలోనున్న తెర క్రమముగా క్రీడాకారుని మనస్సులోనికి వచ్చి నిలిచినది. విన్నదానిని విననట్లు తానే నడచుకొనవలెను. కనుకనే దీనిని కేవల నియమముగా గాక యొక సాధనగా నేను భావించుచున్నాను.

ఆ సాధన యెంత కష్టమో తెలియుటకు 'ట్రోల్' అను రాక్షసుని కథ చాలును. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లోని ట్రోల్ పోల్ ఆండర్సన్ నవలనుండి వచ్చినవాడు. నరికిన కొలది వాని గాయములు పూడుకొనుచుండును. నిప్పుగాని ఆమ్లముగాని తగిలినప్పుడే వాడు చచ్చును. ఇది 1977 లో వెలువడిన 'మాన్‌స్టర్ మాన్యువల్' అను గ్రంథములో స్పష్టముగా అచ్చు వేయబడినది. ఆటలో నాలుగు నెలలు గడిపిన ప్రతివానికి తెలిసినదే. ఇక పల్లె విడిచి నిన్ననే వచ్చిన కుర్ర యోధుడు పాత్రయైనప్పుడు, వానికి ట్రోల్ ఎదురైనప్పుడు, నడుపువాడేమి చేయవలెను? వెంటనే దివిటీ విసరినచో మోసమందురు. కత్తితో మూడుమార్లు నరికి, నాలుగవమారు 'ఎందుకైనా మంచిదని' దివిటీ యెత్తినచో, ఆ మూడు ఎచ్చటనుండి వచ్చినవి? నిజముగా ఎరుగనివాడు మొదటనే దివిటీ విసరవచ్చును, చేతికందినది గనుక, చచ్చువరకు విసరకపోవచ్చును. తెలిసినవాడు విసరినను ఆ యెరుకవలననే విసరును, విసరకున్నను ఆ యెరుకవలననే మానును. ఒకమారు తెలిసిన పిమ్మట తెలియని స్థితికి తిరిగి పోవు దారి లేదు. ఎరుగకుండుట వేరు, నంగనాచితనము వేరు. ఈ రెంటిని ఒకటిగా తలచి క్రీడాకారుని దోషిగా నిలబెట్టు నిర్వాహకులయెడల నాకు సానుభూతి లేదు. ఒక్కసారి మాత్రమే పనిచేయు రహస్యమును, అందరెరిగిన పుస్తకమునుండి తెచ్చి, మధ్యను పెట్టినవాడు తానే గదా!

చదివిన కథనే మరల నాడుటలోను ఇదే యిబ్బంది. 1975 లో ఆరిజిన్స్ అను క్రీడాసభలో పోటీకై గైగాక్స్ నడపి, 1978 లో అచ్చొత్తించిన 'టూంబ్ ఆఫ్ హారర్స్' అను సమాధికథలో, గోడమీద నోరు తెరచిన పచ్చని దెయ్యపు ముఖమొకటి కలదు. ఆ నోటిలోనికి ప్రవేశించినవాడు నామరూపములు లేకుండ నశించును. చదివినవాడు దాని దరికి పోడు, చదువనివాడు తొంగిచూచును.

నియమజ్ఞానము మరియొక జాతి యెరుక. ఎత్తునుండి పడినచో పది యడుగులకొక ఆరుముఖముల పాచిక చొప్పున గాయము లెక్కించుట యీ యాటలోని పద్ధతి. అరువది యడుగుల కొండకొమ్మున నిలిచిన వీరుని ప్రాణబలము 50 అనుకొందము. ఆరు పాచికలు వేసినను గాయము 36 కు మించదు. కొమ్మున నిలిచిన మనిషికి క్రిందనున్న రాళ్ళు కనబడుచున్నవి, మోకాళ్ళు వణకుచున్నవి. బల్లయొద్దనున్నవాడు మాత్రము కూడికలు చేసి, చావు లేదని నిశ్చయించుకొని, "దూకేస్తున్నా" అనును. ఆ క్షణమున కొండయు కరగిపోవును, రాళ్ళును కరగిపోవును. కాగితముమీది అంకెలు మాత్రము మిగులును. నాకు ట్రోలును కాల్చినవానికంటె ఈ దూకినవాని విషయముననే మనస్సు నొచ్చును. ఏలయన మొదటివాడు పాత్రకు లేని విద్యను ఇచ్చినాడు, రెండవవాడు పాత్రకున్న భయమును లాగికొన్నాడు.

పాచిక కూడ రహస్యమును వెల్లడించును. గదిలో ఉచ్చులున్నవేమోయని దొంగ వెదకును. ఇరువది ముఖముల పాచిక వేయగా 2 పడును. "ఏమీ కనబడలేదు" అని నిర్వాహకుడనును. అదే మాట 19 పడినప్పుడు విన్నచో ధైర్యము. 2 పడినప్పుడు విన్నచో గుండెలో రాయి. మాట యొక్కటియే, పాత్రకు వినబడినది యొక్కటియే. బల్లమీది అంకె మాత్రము వేరు. అందువలన నిర్వాహకుడు తన ముందొక అట్ట తెర నిలుపుకొని, ఇట్టి పాచికలను దాని వెనుక తానే వేయుట తొలినాళ్ళనుండి వచ్చుచున్న యాచారము. పాచిక గలగల వినబడును, అంకె కనబడదు. ఇది నాకు మిక్కిలి నచ్చిన యేర్పాటు. క్రీడాకారునిచేత అజ్ఞానము నభినయింపజేయుటకంటె, అజ్ఞానమును నిజముగా నిచ్చుటయే మర్యాద.

అందరును ఈ యెరుక ఒకవైపునుండియే పొంగిపొరలునని తలతురు గాని, పాత్రకే యెక్కువ తెలిసిన సంగతులు వేనవేలు. ఆ పూజారి బాల్యమునుండి గుడిలో పెరిగినవాడు. ఏ మంత్రము ఏ వేళ చదువవలెనో, ఏ గ్రామపెద్దకు ఎట్లు నమస్కరింపవలెనో వానికి వెన్నతో పెట్టిన విద్య. వానిని నడపు మన కుర్రవాడు బి.కాం. చదువుచున్నవాడు, ఆ దేవుని పేరైనను నిన్నటి వారము విన్నదే. ఇట్టిచోట నిర్వాహకుడు ఊరకుండి, "నమస్కారం తప్పు చేశావు, పెద్దకి కోపం వచ్చింది" అనుట అన్యాయము. అందుకే 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమములలో మంత్రశాస్త్రము, చరిత్రము, ప్రకృతి, మతము అను విద్యలు పాత్రకు వేరుగా నీయబడినవి. పాచిక వేసి, తగినంత పడినచో, పాత్ర యెరిగినదానిని నిర్వాహకుడు క్రీడాకారుని చెవిని వేయవలెను. తన చేతిలోని మనిషి తనకంటె పండితుడై యుండుట, ఆ పాండిత్యమును అడిగి తెలిసికొనుచు వాని నోట పలికించుట! ఈ వినయమును గూర్చి యెవరును అంతగా మాటాడరు; మాటాడవలెనని నా కోరిక.

మన పద్యనాటకములను ఎరిగినవారికి ఈ విషయము కొంతవరకు సుబోధమే. రాయబారము నాటకమున దుర్యోధన వేషము ముప్పదియేండ్లు కట్టిన నటునికి తొడ విరుగునని తెలియదా? తెలియును, తెల్లవార్లు మేల్కొని చూచుచున్న ప్రేక్షకులందరికిని తెలియును. అయినను ఐదూళ్ళైన నీయనని నిరాకరించునప్పుడు ఆ కంఠమున లేశమైనను శంక వినబడరాదు. అయితే నటునికి పద్యము సిద్ధముగా నున్నది; కవి యతని కొరకు ముందే ఓడియుంచినాడు. బల్లయొద్దనున్నవానికి పద్యము లేదు. తన దుర్యోధనుడు సంధికి ఒప్పుకొన్నచో ఆపువాడెవడును లేడు. గెలుపుదారి తెలిసియుండి, అది తెరచియుండి, పాత్ర కోసము దానిని విడుచుట తన యిచ్ఛ. నటుని నిగ్రహమునకంటె ఇది గొప్పదనను గాని, వేరు జాతిదని మాత్రము దృఢముగా చెప్పుదును.

కొన్ని యాటలు ఈ భేదమును చిక్కుగా గాక పునాదిగానే గైకొన్నవి. 1981 లో శాండీ పీటర్సన్ రచించిన 'కాల్ ఆఫ్ క్తూలూ'లో పాత్రలు మామూలు మనుష్యులు, ఎక్కువగా 1920 ల నాటివారు; ఈ యాటకు మూలమైన లవ్‌క్రాఫ్ట్ భయానక కథలు చదివిన క్రీడాకారునికి నేలమాళిగలో నేమున్నదో ఇంచుమించు తెలియును, లాంతరు పట్టుకొని దిగుచున్న ఆచార్యునికి తెలియదు. ఆ యాటలో పాత్ర ఆ ఘోర రహస్యములను నేర్చిన కొలది, వాని మనస్స్వాస్థ్యపు గరిష్ఠపరిమితి 99 నుండి అంతంత తగ్గుచుండును. ఎరుకకు వెల గట్టిన నియమమిది. ఇంతకంటె సొగసైన నియమమును ఏ యాటలోను నేను చూడలేదు. 1984 లో వచ్చిన 'పారనోయా' మరొక దారి పట్టినది: కంప్యూటరు పాలించు పాతాళనగరమున, నియమములు తనకు తెలుసునని కనబరచుటయే రాజద్రోహము.

1983 లో 'షేర్డ్ ఫాంటసీ' యను గ్రంథము వ్రాసిన సామాజికశాస్త్రజ్ఞుడు గ్యారీ ఆలన్ ఫైన్, మిన్నెసోటాలో ఆటవారితో కలిసి కూర్చుండి చూచి, బల్లయొద్ద నున్నది ఇద్దరు గారు, ముగ్గురని కనుగొనెను: రేపు పనికి పోవలసిన మనిషి, పాచికలు వేయు క్రీడాకారుడు, కోటలో నడచు పాత్ర. ఒకే నోటినుండి ముగ్గురును పలుకుచుందురు. వినువారు మాత్రము ఇది యెవరి మాటయో తడుముకొనకుండ గ్రహింతురు. మా మేనకోడలు "అమ్మా, కాస్త టీ పెట్టవా" యన్నప్పుడు కోటలో టీ యెక్కడిదని యెవరును అడుగలేదు. ఈ మువ్వురి నడుమ సరిహద్దు ఎంత సహజముగా నిలుచుచున్నదో చూచిన పిమ్మట, దానిని కాపాడుటకు బల్లయొద్ద తగవులాడువారిని చూచినచో నాకు విచారము కలుగును. "నీ క్యారెక్టర్‌కి అది తెలీదు" అను మాట తన్ను తాననుకొన్నచో కళ; ఎదుటివాని ననుటకు ఆరంభించినంతనే రక్షకభటుని లాఠీ. నిర్వాహకుడు మృదువుగా "ఆమెకి ఎలా తెలిసింది?" అని యడిగిన చాలును, సమాధానము దొరకినచో కథ కొక క్రొత్త కొమ్మ మొలచును, దొరకనిచో ఆటగాడే మాట మార్చుకొనును.

ఇంకొక సంగతి. తెలిసినది పాత్రకు మేలు చేయుటకే వాడవలెనని యెక్కడ నున్నది? ఎరుకను పాత్రకు ప్రతికూలముగా వాడవచ్చును. తలుపు వెనుక నేమున్నదో తెలిసినవాడే, సరిగా ఆ క్షణమున తన పాత్రచేత ఆ తలుపును ఈల వేయుచు తెరపించగలడు. మేడమీద తమ్ముడు మునుగుచున్నాడని తెలియకున్నచో మా మేనకోడలికి నూనె తట్టియుండునా? తెలిసినందువలననే ఆ తాపీపనిని ఏరుకొన్నది. ఆ మాట వినబడినంతనే బల్లచుట్టు నున్నవారందరును ఊపిరి బిగబట్టిరి.

నేను లోపలికి పోయి టీ గ్లాసుతో తిరిగి వచ్చునప్పటికి ఇసుక దొంగ నడుము దాటినది. నిర్వాహకుడు మరల నామె వైపు తిరిగెను. "కొవ్వొత్తి ఎంత కాలింది?" అని యామె యడిగెను. అతడు అట్ట తెర వెనుక పాచిక వేసి చూచి, "గీతకి ఇంకా రెండంగుళాలుంది" అనెను. తమ్ముడు ఏమియు అనలేదు. బల్ల క్రింద వాని మోకాలు మాత్రము ఆడుచుండెను. ఆమె గుప్పిటలోని పాచికను తెచ్చి తన కాగితము మీద మెల్లగా పెట్టి, చేతిలో కత్తి యున్నట్లే దానిని త్రిప్పి పట్టుకొని, "సరే, రెండో వైపు కూడా రాస్తా" అనెను.